సింధూరం చెట్టు గిన్నె

మా గరాజ్‌లో రెండు కార్లకి చోటుంది, ఉండేది ఒక్కటే. రెండోది చలికాలమంతా బయట మంచులో నిలబడి నన్ను తిట్టుకుంటూ ఉంటుంది. దాని చోట్లో చెక్కని గిరగిరా తిప్పే లేత్ మిషను ఉంది, లేత్ చుట్టూ చెక్కపొట్టు ఉంది, ఆ పొట్టులో మోకాళ్ల దాకా నేనుంటాను. మోకాళ్ల దాకా అంటే, చెప్పుల దాకా.

మిషిగన్‌లో మా ఊరు నోవై. ఇక్కడ జనవరి మధ్యాహ్నం గరాజ్ తలుపుకున్న చిన్న అద్దాల్లోంచి వచ్చే వెలుతురు ఎండా కాదు, నీడా కాదు. బయట మంచు మీద పడి, అక్కణ్ణుంచి లేచి లోపలి కప్పుకి తగిలి, అలిసిపోయినట్టు మెల్లగా కిందికి దిగుతుంది. ఆ వెలుతుర్లో లేత్ తిరుగుతుంటే చెక్కకి అంచులు ఉండవు. పొగని ఎవరో ఒక ఆకారంలో పట్టి నిలిపినట్టుంటుంది. ఉలి ఆనిస్తే ఆ పొగలోంచి నిజమైన చెక్క పేళికలు పేళికలుగా ఊడి మన భుజాల మీద పడుతుంది. అప్పుడు టైమెంతైందో తెలీదు. అన్నానికి పిలిచారా, పిలిస్తే పలికానా, అదీ తెలీదు.

ఓక్ చెక్కని లేత్ మీద పట్టడంలో మిషిగన్ మొత్తంలో నాతో సమానమైనవాడు లేడు. సరే, మా వీధిలో లేడు. పక్క వీధి సంగతి నేను వాకబు చెయ్యలేదు. కార్ల కంపెనీలో పార్టులు కొలతకి సరిపోయాయో లేదో చూసే ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి నేను. అన్నేళ్లు పగలంతా వెంట్రుకంత తేడా రానివ్వని మనిషి, సాయంత్రం మాటల్లో ఏనుగంత తేడా తెస్తే ఎవరూ తప్పుపట్టకూడదని నా వాదన. మా ఆవిడ ఈ వాదనని ఇంతవరకూ ఒప్పుకోలేదు.

ఆ శీతాకాలం నా దగ్గర రెండు ఓక్ దూలాలుండేవి. ఊరి పడమటి పక్క పొలాలన్నీ ఇళ్లయిపోతుంటే, అక్కడో ముసలి రైతు తన గడ్డి కొట్టం విప్పించాడు. అటు డ్రైవ్ చేస్తూ ఆగి చూశాను. కావలసింది తీసుకెళ్లమన్నాడు, లేకపోతే కాల్చేస్తానన్నాడు. పైకి రెండూ ఒకటే బూడిద రంగు, గొడ్డలితో చెక్కిన గాట్లు, మేకులున్న చోటల్లా సిరా ఒలికినట్టు నల్లటి మరకలు. ఇంటికి తెచ్చి కోస్తే రంగులు బయటపడ్డాయి. ఒకటి లోపల ఎర్రజీర, గులాబీ రేకు వాడినట్టు. ఇంకొకటి తెల్లగోధుమ, ఎండిన గడ్డి రంగు. తడిపితే రెండింటికీ ఒకటే వాసన, ఊరగాయ జాడీ కడిగి బోర్లించిన మర్నాడు వచ్చే వాసన.

ఆ చెక్కకి వయసు నేను కట్టాను. మొదటి ఆదివారం చర్చిలో నూటయాభై ఏళ్లన్నాను. తర్వాతి ఆదివారం మూడొందలు. నెల తిరిగేసరికి వెయ్యి దాటించాను. ఇందులో తప్పంతా నాది కాదు. నేను వెళ్లే లేత్ క్లబ్బులో ఒకాయన వేలెడంత నల్లటి ఓక్ ముక్క తెచ్చాడు. ఎక్కడో బురదనేల కింద వేల ఏళ్లు మునిగి ఉండి, బొగ్గంత నల్లబడి, ఇంకా చెక్కగానే మిగిలిన ముక్క. వరసలో అందరి చేతుల మీదుగా నా చేతికొచ్చింది. చల్లగా ఉంది. ఆ చెట్టు నిలబడ్డ రోజుల్లో దాని మీద వాలిన పిట్టకి నాకు తెలిసిన ఊరు ఒక్కటి కూడా తెలీదు కదా అనుకుంటూ ఎంతసేపు పట్టుకుని కూర్చున్నానో, పక్కాయన మోచేత్తో పొడిచాడు. ఆ తర్వాత మా దూలానికి నూటయాభై ఏళ్లే అంటే నోరు రాలేదు. రైతు నాకు చెప్పింది మాత్రం వాళ్ల తాతగారి నాన్న కట్టించాడని, అంతే.

ఇక మా ఆవిడ చెయ్యి.

ఆవిడ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. చిట్టి సూది, చిన్నపిల్ల నరం, రెండింటినీ కలపగలిగిన చెయ్యి అది. రెండేళ్లుగా వణుకుతోంది. పెద్ద జబ్బేం కాదు, కొందరికి వయసుతో వస్తుందని డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పకముందే ఆవిడకి తెలుసు. కాఫీ కప్పు సగమే నింపుకుంటుంది, సాంబారు స్పూన్‌తో తినడం మానేసింది, ఇంట్లో అంతవరకూ సర్దుకుంది. సర్దుకోలేనిది చర్చిలో వచ్చింది.

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. అమెరికన్ల చర్చి హాలు ఆదివారం మధ్యాహ్నం అద్దెకి తీసుకుంటాం. పొద్దుటి వాళ్ల కాఫీ వాసన పోకముందే మా బిర్యానీ ట్రేలు లోపలికి వస్తాయి. నెల మొదటి ఆదివారం బల్ల. అంటే ప్రభువు సంస్కారం, రొట్టె ముక్కా ద్రాక్షరసమూ తీసుకోవడం. ఆడవాళ్లు ఆ రోజు తెల్లచీరలు కట్టుకొస్తారు, కృష్ణా జిల్లాలో కట్టినట్టే. ఎవరైనా నన్ను ‘బల్ల తీసుకున్నారా అంకుల్’ అనడిగితే, ‘గరాజ్‌లో ఇంకో రెండు బల్లలున్నాయమ్మా, నీక్కావాలా’ అనడం నా అలవాటు. ఆ జోకుకి మా ఆవిడ నవ్వడం ఎప్పుడో మానేసింది.

మా దగ్గర పద్ధతేమిటంటే, బొటనవేలంత ప్లాస్టిక్ కప్పుల్లో రసం పంచుతారు. పుచ్చుకున్నవాళ్లు వెంటనే తాగకూడదు. పట్టుకుని కూర్చోవాలి. పాస్టరు అయ్యగారు ప్రార్థన చేసి ఆమెన్ అన్నాక అందరూ ఒక్కసారి తాగాలి. మా అయ్యగారు వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి ఆదివారం వాక్యం చెప్పే మనిషి. ఆయనకి మా కష్టాలన్నీ తెలుసు కాబట్టి ఆయన ప్రార్థన పొడుగు. ప్రాజెక్టు అయిపోయినవాళ్లు, హెచ్-వన్ వీసా స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లి అక్కడే ఇరుక్కున్నవాళ్లు, డెలివరీ డేట్ దగ్గరపడ్డవాళ్లు, మంచులో డ్రైవ్ చేసి ఇంటికెళ్లాల్సినవాళ్లు, ఒక్కర్నీ వదలడు. అంతసేపూ ఆ చిట్టి కప్పు గాల్లో నిలవాలి.

ఒకసారి నిలవలేదు. పక్కన కూర్చున్న అమ్మాయి, న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో నుంచి ఉద్యోగం మారి కొత్తగా వచ్చినది, తెల్ల పట్టుచీరలో ఉంది. రసం దాని కుచ్చిళ్ల మీద పడింది. ‘పర్లేదాంటీ, డ్రై క్లీనింగ్‌కి ఇచ్చేస్తా’ అంది పాపం. ఆ తర్వాతి నెల నుంచి మొదటి ఆదివారాల్లో మా ఆవిడ హాలు వెనక వంటగదిలో పళ్లు కోస్తూ ఉండిపోయేది. వణికే చేత్తో కత్తి పట్టుకోవచ్చుగానీ కప్పు పట్టుకోకూడదట.

అయ్యగారు వంటగదికే వచ్చి అడిగారు. ‘అమ్మా, నేనే మీ నోటికి అందిస్తాను.’

‘వద్దండీ అయ్యగారూ,’ అంది. ‘ఎంతమంది నోట్లో మందు పోశానో నాకే లెక్క తెలీదు. నా నోట్లో ఒకళ్లు పోసే రోజు వస్తే రానివ్వండి, అప్పుడు చూద్దాం.’

ఆవిడకి కావలసింది అంతే. తన చేత్తో పట్టుకోవాలి, అందరితో పాటు ఆగాలి, అందరితో పాటు తాగాలి. అది లేకుండా ఆవిడ ఆ హాల్లో చుట్టం చూపుగా వచ్చినదానిలా తిరుగుతుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు.

సరే, గిన్నె నేను చేస్తానన్నాను. బరువుగా, అడుగు వెడల్పుగా, నడుం సన్నంగా, చేతిలో కూర్చునేది. ఇక ఏ చెక్కతో అన్నదే మిగిలింది.

అదే వారం చర్చిలో బైబిలు వాక్యం చదువుతుంటే పితరుల్లో ఒకాయన గుడారం వేసుకున్న చెట్టు గురించి వచ్చింది. మన తెలుగులో అది సింధూరవృక్షం. పక్కాయన ఫోన్‌లో ఇంగ్లీషులో చదువుకుంటున్నాడు. తొంగి చూశాను. అక్కడ ఓక్ అని ఉంది.

చిన్నప్పటి నుంచి వింటున్న మాటే. సింధూరవృక్షం అంటే నా కళ్ల ముందు ఎప్పుడూ ఒక ఎర్రటి చెట్టు నిలబడేది, మొదలూ కొమ్మలూ అన్నీ కుంకుమలో ముంచి తీసినట్టు, దాని కింద నీడ కూడా కాస్త ఎర్రగా. ఆ చెట్టు, మా గరాజ్‌లో దూలం ఒకటేనా? ప్రసంగం మొత్తం నాకు వినపడలేదు. ఎర్రటి చెట్టు నీడలో మధ్యాహ్నపు ఎండ, గుడారం గుడ్డ గాలికి కొట్టుకోవడం, ఎవరో కాళ్లు కడుక్కోడానికి నీళ్లు తేవడం, ఇవే. అయ్యగారు ఆమెన్ అంటే ఉలిక్కిపడి లేచాను. నిద్ర కాదు. నిద్రేనని మా ఆవిడ అంది.

ఇంటికి రాగానే ఆవిణ్ణి గరాజ్‌లోకి పిలిచాను. కోసిన ముక్కలు రెండూ బల్ల మీద పెట్టి ఉన్నాయి. తెల్లదాన్ని చేత్తో తడిమి, ‘ఇది బావుందండీ. నున్నగా, గట్టిగా ఉంది’ అంది.

‘అది కాదు. ఎర్రదే.’

‘ఎందుకు?’

‘సింధూరవృక్షం అంటే ఏమనుకున్నావు? సింధూరం ఎరుపు. పాతవాళ్లు ఊరికే పెట్టరు పేరు. నేను మూలభాషలో కూడా చూశాను.’

‘మీరా? ఏ మూల చూశారు?’

‘మూలభాష అంటున్నాను.’

‘పెళ్లినాడు కూడా నేను బొట్టు పెట్టుకోలేదు,’ అంది మా ఆవిడ, చేతులు పమిటకి తుడుచుకుంటూ. ‘ఇప్పుడు సింధూరంతో గిన్నె చేసి నా చేతిలో పెడతారన్నమాట. మా అమ్మ వింటే మళ్లీ బాప్తిస్మం ఇప్పిస్తుంది మీకు.’

నాకు వచ్చినవి తెలుగు, ఇంగ్లీషు, కొంచెం ఉరుదూ తిట్లు. మూలభాష అక్షరం ముక్క తెలీదు. కానీ ఆ ఎర్రటి నీడ నన్ను వదల్లేదు. ఎర్రదాన్నే లేత్‌కి బిగించాను.

పట్టు కొలత ఎలా తీసుకోవాలా అని ఆలోచిస్తుంటే ఆవిడ చపాతీ పిండి కలుపుతోంది. ఒక ముద్ద చేతిలో పెట్టి, కప్పు పట్టుకున్నట్టు నొక్కమన్నాను. నొక్కింది. నాలుగు వేళ్ల గుంటలు, బొటనవేలి గుంట, వణుకు వల్ల ఒక్కో గుంట పక్కన ఇంకో సన్నటి అల. దాన్ని పళ్లెంలో పెట్టుకుని గరాజ్‌కి తీసుకెళ్లాను. వెనకనుంచి, ‘రెండు చపాతీలు తగ్గుతాయి, మీవే తగ్గుతాయి’ అని వినపడింది.

ఆ వారం పనిని ఎలా చెప్పాలో నాకు తెలీదు. బయట మంచు ఆగకుండా పడేది. మంచు ఎత్తిపోసే స్నోబ్లోయర్ల మోత కూడా వినపడనంత మెత్తగా పడేది. లోపల లేత్ ఒకటే శ్రుతి మీద మూలిగేది. పాత ఓక్ మొదట్లో మొండికేస్తుంది. ఉలిని విదిలిస్తుంది, మణికట్టు దాకా దెబ్బ తగులుతుంది. గుండ్రం తిరిగాక లొంగుతుంది. లోపలికి వెళ్లేకొద్దీ వలయాలు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి, వెడల్పైనది బాగా వానలు పడ్డ ఏడు, దారమంత సన్ననిది ఎండిన ఏడు. ఎవరి ఏళ్లో అవి. ఏ పిల్లలో ఆ చెట్టు కింద చలిలో ఎడ్లబండి కోసం చూసిన ఏళ్లు. ఎడ్లబండి మిషిగన్‌లో ఉండేదో లేదో నాకు తెలీదు, ఆ గరాజ్‌లో మాత్రం ఉండేది. అప్పుడప్పుడు దాని గంటలు వినిపించేవి. మా ఆవిడ చెంచాతో స్టీలు పళ్లెం మీద కొట్టి అన్నానికి పిలుస్తోందని తర్వాత తెలిసేది.

గిన్నె నడుం దగ్గర ఆ పిండిముద్ద గుంటలకి సరిపోయేలా లోతులు తీశాను. అడుగు మందంగా వదిలాను. చెట్టు నిలబడ్డట్టే గిన్నె కూడా నిలువు వాటంలో ఉంటే బావుంటుందని, చెక్క నారలు పైనుంచి కిందికి దిగేలా పెట్టాను. నూనె పట్టించి, తేనెమైనం రుద్దాను. ఎర్రజీర వెలిగింది. గులాబీ రంగులో సన్నటి గీతలు, వేలితో తాకితే అతి చిన్న గాడులు.

ఆవిడ పట్టుకుంది. చెయ్యి వణికిందిగానీ ఆ బరువుకి వణుకు గిన్నె దాకా రాలేదు. ఆవిడ ముఖం చూసి నేను గోడ వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించాను.

‘నీళ్లు పోసి చూశారా?’ అంది. నర్సు కదా.

‘రాత్రంతా పోసి ఉంచాను. చుక్క కారలేదు.’

పొయ్యలేదు. పాలిష్ మీద మరక పడుతుందని పొయ్యలేదు. నోరు తెరిస్తే రాత్రంతా అని వచ్చేసింది. ‘పోశాను’ అన్నా కాస్త తగ్గేది.

మొదటి ఆదివారం తెల్లచీర కట్టుకుని ఆవిడ మూడో వరసలో కూర్చుంది. నేను ఊరుకోలేదు. బల్లకి ముందు హాలంతా తిప్పి చూపించాను ఆ గిన్నెని. వెయ్యేళ్ల చెక్క అన్నాను. పితరులు కూర్చున్న చెట్టు జాతి అన్నాను. గుంటూరు నుంచి కూతురి దగ్గరికి వచ్చి ఆర్నెల్లుగా ఉంటున్న ఒక రిటైర్డ్ మాస్టారు కళ్లజోడు పైకి జరిపి, ‘వెయ్యేళ్లంటే, మన దేశంలో అప్పుడు ఎవరండీ రాజు?’ అన్నారు. అది తర్వాత మాట్లాడుకుందామన్నాను.

అయ్యగారు ఒక కప్పు రసం ఆ గిన్నెలో పోసి ఆవిడ చేతికిచ్చారు. అందరూ తలలు వంచారు. ప్రార్థన మొదలైంది. నేను ఒక కన్ను తెరిచే ఉంచాను, ఆవిడ చేతిని చూసుకోవాలి కదా. నిలిచింది. ప్రాజెక్టులు దాటాం, నిలిచింది. స్టాంపింగ్ దాటాం, నిలిచింది. ఆ హాలు, వంచిన తలలు, తెల్లచీరలు, కిటికీల బయట మంచు, అన్నీ ఒకే తెలుపైపోయి నెమ్మదిగా ఎక్కడికో తేలిపోతున్నట్టుంది. ఆ తెలుపులో, ఆవిడ ఒడిలో, ఒక చిన్న ఎర్రటి చుక్క కనిపించింది. నేను ఇంకా కలలోనే ఉన్నాననుకున్నాను. చుక్క అర్ధరూపాయంత అయింది. తర్వాత అరచెయ్యంత.

గిన్నె నిటారుగా ఉంది. చెయ్యి కదల్లేదు. రసం గిన్నె అడుగులోంచి చెమటలా ఊరి, బొట్టుబొట్టుగా దిగుతోంది.

ఆవిడా చూసుకుంది. ఎడమచేతిని మెల్లగా గిన్నె అడుగున పెట్టింది. అది సరిపోలేదు. డ్రైవ్ చేసేవాళ్ల కోసం ప్రార్థన నడుస్తుండగా లేచి, గిన్నెని కొంగులో చుట్టుకుని, చప్పుడు లేకుండా వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆమెన్ అన్నప్పుడు ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. ప్లెయిన్స్‌బరో అమ్మాయి టిష్యూలు పట్టుకుని వెనకే వెళ్లింది. ‘పర్లేదాంటీ. చెయ్యి వణికితే ఎవరికైనా ఒలుకుతుంది’ అనడం నాకు తలుపు దగ్గర వినిపించింది. మా ఆవిడ ‘అవునమ్మా’ అంది.

కార్ ఎక్కి వైపర్లు వేశాను.

‘చెయ్యి కదల్లేదు,’ అంది.

‘చూశాను.’

‘ఒక్క రవ్వ కూడా కదల్లేదండీ.’ ఆ గొంతులో సంతోషం విని నాకు సిగ్గేసింది. చీరంతా మరకతో కూర్చుని ఆవిడ సంతోషపడుతోంది. ‘గిన్నె కారింది. రాత్రంతా నీళ్లు పోసి ఉంచిన గిన్నె.’

నేను వైపర్ల వేగం పెంచాను.

‘బొట్టు లేదన్న లోటు మాత్రం తీర్చారు,’ అంది ఒడి వైపు చూసుకుంటూ.

‘మరి ఆ అమ్మాయితో అవునమ్మా అన్నావెందుకు? గిన్నె కారిందని చెప్పాల్సింది.’

‘వెయ్యేళ్ల గిన్నె అని అప్పుడే కదా హాలంతా ఊరేగించి వచ్చారు. వెంటనే కారిందంటే మీకెలా ఉంటుంది?’

‘వచ్చే నెల నేనే లేచి చెప్తాను అందరికీ. నీ చెయ్యి కాదు, గిన్నె అని.’

‘మీరు చెప్తే,’ అంది మా ఆవిడ, నెమ్మదిగా, కోపం లేకుండా, ‘ఎవరు నమ్ముతారండీ?’

ఇంటికొచ్చి ఎర్రచెక్క మిగిలిన ముక్క తీసుకున్నాను. వేలంత లావు, జానెడు పొడుగు కోసి, కొసలోకి తేరిపార చూస్తే సూదిమొన పట్టే బెజ్జాలు, వరసలు వరసలుగా. గ్లాసు నీళ్లలో ఒక కొస ముంచి రెండో కొసని నోట్లో పెట్టుకుని ఊదాను. నీళ్లలో బుడగలు లేచాయి. మా ఆవిడ లాక్కుని తనూ ఊదింది. ఇంకా బాగా లేచాయి. చర్చి క్వయర్‌లో పాడిన ఊపిరి అది. ఎప్పుడో చచ్చిపోయిన చెట్టు గ్లాసులో బుడబుడమంటుంటే ఇద్దరం వంటింటి దీపం కింద చాలాసేపు అలాగే వంతులవారీగా ఊదుతూ కూర్చున్నాం. తెల్లచెక్క ముక్కతో ఎంత ఊదినా బుగ్గలు నొప్పి పుట్టాయిగానీ ఒక్క బుడగ రాలేదు. దాని బెజ్జాలని చెట్టు తనే మూసేసుకుంటుంది. ఇక్కడ పీపాలు చేసేవాళ్లు ఆ చెక్కే వాడతారని తర్వాత చదివాను. ఎర్రచెట్టు ఆ పని చెయ్యదు, నేను నిలువు వాటంలో పెట్టిన ఆ బెజ్జాల్లోంచే రసం దిగింది. ఓక్‌ని కళ్లతో చూడని రోజుల్లో బైబిలుని తెలుగు చేసిన మనవాళ్లు దానికో మంచి మాట వెతికి పెట్టారు. ఆ మాటలో ఎరుపుంది. నేను ఆ మాటనే లేత్‌కి బిగించాను.

ఆవిడ మొదట తడిమిన తెల్లదాంతో రెండో గిన్నె చేశాను. ఈసారి కలలేం కనలేదు. కొంచెం కన్నాను. నీళ్లు పోసి చూడ్డం మాత్రం ఆవిడ నాకు వదిలిపెట్టలేదు. ఆవిడే పోసి, ఇస్త్రీ చేసిన తన తెల్ల రుమాలు మీద పెట్టి, పొద్దున్నే లేచి రుమాలు చేత్తో నొక్కి చూసింది.

మొదటి ఆదివారం పాటలయ్యాక అయ్యగారు సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేళ్లు, చెప్పేవాళ్లని ముందుకి రమ్మన్నారు. నేను లేవగానే హాల్లో అందరూ కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు, పొడుగవుతుందని. మా ఆవిడ అలవాటుగా వంటగదిలో ఉంది.

‘బ్రదర్, క్లుప్తంగా,’ అన్నారు అయ్యగారు.

పోయిన నెల ఆవిడ చెయ్యి వణకలేదని చెప్పాను. గిన్నె కారిందన్నాను. ఆ చెక్కకి వెయ్యేళ్లు లేవనీ, ఎన్నున్నాయో నాకు తెలీదనీ, మూలభాష రాదనీ, నీళ్లు పోసి చూడలేదనీ చెప్పాను. ఎర్రదాన్ని సింధూరం అన్న మాట పట్టుకుని ఎంచుకున్నానని చెప్పాను. ఇంత తక్కువ మాటల్లో ఇన్ని నిజాలు చెప్పడం నాకు అలవాటు లేదు.

వెనకనుంచి ఎవరో, ‘అంకుల్, అప్పటిది కరెక్టా, ఇప్పటిది కరెక్టా?’ అన్నారు. నవ్వులు.

ప్లెయిన్స్‌బరో అమ్మాయి తలొంచి పక్కావిడతో, ‘ఆంటీ మాట పడకూడదని తన మీద వేసుకుంటున్నారు. సో స్వీట్’ అంది.

అదే నేను భయపడింది. నా జన్మలో ఒక్క నిజం గట్టిగా చెబితే అది కూడా నా కోతల్లో కలిసిపోతోంది.

కోటు జేబులోంచి ఎర్రచెక్క పుల్లలు తీశాను. అయ్యగారి ముందున్న గ్లాసు నీళ్లు అడక్కుండానే తీసుకున్నాను. ఊదాను. బుడగలు లేచాయి. ముందు వరస వాళ్లు మెడలు చాచారు. మాస్టారు లేచి వచ్చి, ‘ఏదీ, ఇలా ఇవ్వండి’ అని కొత్త పుల్లొకటి లాక్కుని తనూ ఊదారు. బుడగలు. ఆయన పుల్లని వెలుతురుకి పట్టుకుని చూశారు, మళ్లీ ఊదారు.

‘నిజమేనండోయ్,’ అన్నారు హాలు వైపు తిరిగి. ‘ఆయన చెప్పింది నిజమే.’

ఆయనకి అంత ఆశ్చర్యం అక్కర్లేదనిపించింది నాకు. అయితే ఆ మాటతో అందరూ లేచారు. తెచ్చిన పుల్లలన్నీ అయిపోయాయి. ఒకరికొకరు గ్లాసులు అందించుకున్నారు. కాసేపు ఆ హాల్లో ప్రార్థన లేదు, పాట లేదు, పాత చెక్కలోంచి మనుషుల ఊపిరి నీళ్లలో బుడగలై లేచే చప్పుడే. అయ్యగారు చివర్న ఊది, మూతి తుడుచుకుని, ‘స్తోత్రం’ అన్నారు.

ప్లెయిన్స్‌బరో అమ్మాయి చేతిలో పుల్ల పట్టుకునే వంటగది వైపు వెళ్లింది. ‘ఆంటీ, సారీ. మీ చెయ్యే అనుకున్నాను.’ మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి నిలబడి ఉంది. కోసిన యాపిల్ ముక్కలు, తడి చేతులు. ఎంతసేపటి నుంచి అక్కడుందో. ఆ అమ్మాయి ఆవిడ చెయ్యి పట్టుకుని మూడో వరసకి తీసుకొచ్చింది.

తెల్ల గిన్నెలో రసం పోశారు. ఆవిడ పట్టుకుంది. ప్రార్థన మొదలైంది, మామూలంత పొడుగ్గానే. నేను రెండు కళ్లూ తెరిచే ఉంచాను, దాపరికం దేనికి. ప్రాజెక్టులు, పరీక్షలు, గర్భిణులు. గిన్నె అడుగు పొడిగానే ఉంది. డ్రైవ్ చేసేవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మణికట్టు అలిసింది. వేళ్లలో పుట్టిన వణుకు ఈసారి గిన్నె అంచు దాకా పాకింది. ఒక చుక్క అంచు దాటి చీర మీద పడింది.

ఆమెన్.

అందరితో పాటు ఎత్తి తాగింది, చివరి చుక్కదాకా. తర్వాత చీర మీద మరక చూసుకుంది, గిన్నె అడుగు చూసింది, నా వైపు చూసింది. నేను అప్పటికే సగం లేచి, గిన్నెదే తప్పు, ఇది కూడా కారుతోంది అనడానికి నోరు తెరుస్తున్నాను.

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కూర్చోమన్నట్టు చేత్తో చూపించింది, అదే చేత్తో. కూర్చున్నాను.